కిల్‌ఫియాన్ గేటు కాపలా

మా కిల్‌ఫియాన్ మీద ఎడిన్‌బరో పెద్దలకి ఉన్నట్టుండి ఆసక్తి పుట్టింది. దేశంలో ప్రతి పారిష్ గురించీ, అంటే ఒక్కో చర్చి కిందికి వచ్చే ఊళ్ళ గురించీ, వివరంగా రాసి పంపమని చర్చి పాస్టర్లందరికీ ప్రశ్నల కాగితాలు వచ్చాయి. నేల ఎలాంటిది, వానలెలా పడతాయి, చేపలేం దొరుకుతాయి, పాతకాలపు రాళ్ళూ శిలువలూ ఉన్నాయా, జనం ఎందరు, వాళ్ళ నడవడి ఎలాంటిది... మాకు పాస్టరు లేడు. చర్చికి పైకప్పే లేదు. అందుకని కొండ అవతలి పారిష్‌కి కొత్తగా వచ్చిన ఇన్నెస్ గారి నెత్తిన మా ఊరి వర్ణన కూడా పడింది.

ఆయన డిసెంబరులో వచ్చాడు. తెలిసినవాడెవడూ డిసెంబరులో ఆ కొండ దాటడు. మా వైపు ఆ నెలలో మధ్యాహ్నం తిన్నది అరిగేలోపే చీకటి పడిపోతుంది. తలుపు తీసేసరికి గడ్డం నిండా మంచు, ముక్కు ఎర్రగా, చంకలో తోలుసంచీతో నిలబడి ఉన్నాడు. పాతికేళ్ళ కుర్రాడు. మనిషి మాత్రం మంచివాడు. ఇంత మంచితనం మా గాలికి ఎన్నాళ్ళు నిలుస్తుందో అనుకున్నాను.

"లాక్లన్ మాస్టారు మీరేనా? ఈ ఊరి సంగతులన్నీ మీకే తెలుసన్నారు."

"ఇంకెవరికి తెలుస్తాయి పాస్టరుగారూ, మిగిలింది నేనొక్కణ్ణేగా. రండి, పొయ్యి దగ్గర కూర్చోండి."

నేనుండేది పాత బడిలోనే. పిల్లలు లేని బడికి ఈ నేల సొంతదారు దొర అద్దె అడగలేదు, ఒక్కణ్ణి ఖాళీ చేయించడానికి మనుషుల్ని ఎందుకు పంపడమని వదిలేశాడు. బడికి రాయి విసిరితే పడేంత దూరంలో సమాధుల తోట, దాని చుట్టూ నడుమెత్తు రాతి గోడ, చర్చి వైపు ఇనుప గేటు. గోడకి అవతలి వైపు సముద్రం.

పొయ్యిలో, బురదనేల తవ్వి ఎండబెట్టిన పీటు గడ్డలు ఇంకో రెండు వేశాను. గది నిండా ఆ మట్టివాసన పొగ అలుముకుంది. ఓట్స్ జావలో కాస్త విస్కీ పోసి ఇచ్చాను. ఆయన సిరాబుడ్డి పొయ్యి పక్కన పెట్టి వెచ్చబెట్టుకుని ప్రశ్నలు మొదలుపెట్టాడు.

"నేల?"

"పైన రాయి, కింద నీళ్ళు. మధ్యలో ఏమైనా ఉంటే గొర్రెలు తింటాయి."

"వాతావరణం?"

"మీ గడ్డం చూసి రాసుకోండి."

ఆయన నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది. మనిషితో మాట్లాడి ఎన్నాళ్ళయిందో.

"జనాభా ఇద్దరు..." అని తనలో తను అనుకుంటూ రాయబోయాడు.

"ఒకడే," అన్నాను.

కలం ఆగింది. నా వైపు అదోలా చూశాడు. ఏదో అడగబోయి, మర్యాద కాదనుకున్నాడేమో, దిద్దుకున్నాడు. నేను పెద్దగా పట్టించుకోలేదు.

కాసేపటికి తలెత్తి చెవి ఒగ్గాడు. "ఆ చప్పుడేమిటి మాస్టారూ? టక్... టక్... అని?"

"అలలకి గులకరాళ్ళు గోడకి కొట్టుకుంటాయి. రోజూ ఉండేదే."

నిజంగానే రోజూ ఉండేదే. మొదట్లో సముద్రం వైపు నుంచి వినిపించేది. ఈ మధ్య కాస్త ఇటువైపుగా వినిపిస్తోంది. అలల దారి మారిందనుకున్నాను.

"ఇక మిగిలింది ఆచారాలు, మూఢనమ్మకాలు," అన్నాడు ఇన్నెస్ గారు. "సమాధుల తోట కాపలా అని ఒకటి ఉండేదట కదా, ఈ పక్క?"

నా చేతిలో ఉన్న గిన్నె కింద పెట్టేశాను. చెప్పకుండా ఉండొచ్చు. కానీ అడిగేవాడు దొరికితే మనసు ఆగదు.

"ఉండేది కాదు, ఉంది. తోటలో అందరికంటే చివర చేరినవాళ్ళు గేటు దగ్గర కాపలా ఉండాలి. ఎండైనా వానైనా, పగలైనా రాత్రైనా. ఇంకొకరు చనిపోయి ఆ గేటులోంచి లోపలికి వస్తే కాపలా వాళ్ళ వంతు అవుతుంది. అప్పుడు ముందున్నవాళ్ళు వెళ్ళి పడుకోవచ్చు. అంతే."

"దేని మీద కాపలా?"

"అది ఎవరూ చెప్పలేదు. మేమూ అడగలేదు."

"ఒకే రోజు ఇద్దరు పోతే?"

అడగనే అడిగాడు. నేను చెప్పాను.

నా కూతురు ఊనా. పుట్టినప్పుడే తల్లిని పోగొట్టుకుంది. ఐదేళ్ళు నా బడిలో, నా బల్ల కిందే పెరిగింది. చీకటంటే దానికి హడలు. పొయ్యి ఆరిపోతే నిద్రలోంచి లేచి ఏడ్చేది. ఆ ఏడాది జ్వరాలొచ్చాయి. అది పోయిన రోజే పశువుల్ని తోలే ముసలి టోర్మడ్ కూడా పోయాడు. రెండు శవపేటికలూ ఒకే పొద్దున బయలుదేరాయి. వెనక వచ్చినవాళ్ళది కాపలా అని అందరికీ తెలుసు. పెట్టెలు మోసేవాళ్ళ నడక వేగం పెరిగింది, తర్వాత పరుగైంది. ఏడుపులు ఆగిపోయి కేకలు మొదలయ్యాయి. టోర్మడ్‌కి నలుగురు కొడుకులు, నలుగురూ దున్నపోతుల్లాంటివాళ్ళు. నా బిడ్డ పెట్టెని నేనొక్కణ్ణే భుజాన పెట్టుకుని పరిగెత్తాను. గేటు కనిపించాక బతిమాలాను. "చిన్నపిల్లరా! చీకటంటే భయంరా దానికి!" పెద్దకొడుకు వెనక్కి కూడా చూడలేదు. "మా నాన్న జన్మంతా వానలో పశువుల్ని కాశాడు మాస్టారూ, ఇంక చాలదా? ఊళ్ళో జ్వరాలున్నాయిగా, వచ్చే వారం ఇంకెవరో వస్తారు లెండి," అన్నాడు.

ఎవరూ రాలేదు. ఊనా పోయిన మర్నాటి నుంచి జ్వరాలు ఎక్కడివక్కడ తగ్గిపోయాయి. ఆ చలికాలమంతా ఊళ్ళో ఒక్క చావు లేదు. ప్రతి ఆదివారం పాస్టరు దేవుడికి స్తోత్రం చెప్పేవాడు, ఊరంతా ఆమెన్ అనేది. నా నోరు మాత్రం పెగిలేది కాదు.

వసంతంలో దొర గొర్రెల కోసం ఊరు ఖాళీ చెయ్యమన్నాడు. కెనడా వెళ్ళే ఓడ వచ్చి సముద్రపు పాయలో లంగరేసింది. ఊరు ఊరంతా మూటలు కట్టుకుంటోంది. అంటే ఇక ఈ నేలలోకి ఎవరూ రారు. నా కూతురి వంతు ఎప్పటికీ తీరదు.

అప్పుడు ముసలి మార్సలి నన్ను పిలిచింది. రెండు కళ్ళూ కనబడవు, చేతికర్ర తాటించుకుంటూ నడిచేది. ఊనాకి ఎర్ర ఉన్ని చేతి తొడుగులు వేళ్ళతో తడుముకుంటూ అల్లి ఇచ్చింది ఆవిడే. ఒకటి ఊనా చేతికే ఉంచి పెట్టెలో పెట్టాం, రెండోది నేను దాచుకున్నాను.

"ఏరా లాక్లన్, ఏడవకు," అంది. "నేను ఓడెక్కను. ఈ గుడ్డిదాన్ని మోసుకెళ్ళి ఎవడేం చేసుకుంటాడు? నేనిక్కడే పోతాను. పోయి ఆ పిల్లని పడుకోబెడతాను. నాకు చీకటైతేనేం, వెలుగైతేనేం."

మాట నిలబెట్టుకుంది. ఓడ బయలుదేరే రోజు తెల్లవారుజామున పోయింది. నేను ఒక గిన్నెలో పాలు పోసుకుని, రెండో తొడుగు జేబులో పెట్టుకుని గేటు దగ్గర నిలబడ్డాను. గేటు బార్లా తెరిచి ఉంచాను. ఎదురుచూశాను. ఎవరూ రాలేదు. ఇంతలో ఓడ మీద తుపాకీ పేల్చారు, ఆటు మొదలైంది, నీళ్ళు తీసేలోపు బయలుదేరాలి రమ్మని. తోటలో సముద్రం వైపు గోడ దగ్గర పారల చప్పుడు వినిపించింది. పరిగెత్తాను. మార్సలి ఇల్లు సముద్రపు ఒడ్డున. చర్చి చుట్టూ తిరిగి గేటు దాకా వస్తే ఆటు దాటిపోయి ఓడ తప్పిపోతుందని, ఒడ్డు నుంచే గోడ మీదుగా పెట్టెని లోపలికి అందించేశారు. నేను వెళ్ళేసరికి మట్టి పోసేశారు. అప్పుడే తెలిసింది వాళ్ళకి ఏం చేశారో. ఎవరూ నా మొహం చూడలేదు. తవ్వి తీద్దాం, గేటులోంచి తెద్దాం అని కాళ్ళు పట్టుకున్నాను. ఓడ మీద రెండోసారి తుపాకీ పేలింది. అందరూ పరిగెత్తారు.

అందుకే ఉండిపోయాను. చీకటి పడగానే గేటు దగ్గరికి వెళ్తాను, ఇంకాసేపు ఓర్చుకో తల్లీ అంటాను. ఇన్నేళ్ళలో నాకు ఏమీ కనబడలేదు. ఒక్క మాట వినబడలేదు. నేను పోతే తన వంతు తీరుతుందనుకోవడానికి కూడా లేదు. నేను పోతే మోసి ఆ గేటు దాటించేది ఎవరు?

ఇన్నెస్ గారు కలం ఎప్పుడో కింద పెట్టేశాడు. కళ్ళు తుడుచుకున్నాడు కూడా. తర్వాత మెల్లగా అడిగాడు.

"మరి మాస్టారూ... ఆ గేటు దగ్గర నిలబడి ఉన్నావిడ మీ అమ్మగారు కాదా?"

పొయ్యిలో పీటు గడ్డ ఒకటి విరిగి బూడిదలో పడింది.

"ఎవరు?"

"నేను వచ్చేటప్పుడు... ముసలావిడ. బాగా వంగిపోయింది. జుట్టు తెల్లగా, నడుం దాకా ఉంది. ఆ చలిలో ఉత్త పాదాలతో నిలబడి ఉంది. మీ అమ్మగారనుకున్నాను. అందుకే జనాభా ఇద్దరని..."

"మాట్లాడిందా?"

"మాట్లాడింది. గొంతు మాత్రం విచిత్రంగా చిన్నపిల్ల గొంతులా ఉంది. మీ భాష నాకింకా సరిగ్గా పట్టుబడలేదు. లోపలికి వస్తారా అని అడిగినట్టుంది."

"మీరేమన్నారు?"

"వస్తానమ్మా, ముందు మాస్టారితో పని చూసుకుని వస్తాను అన్నాను. పాత శిలువ ఉందంటే చూద్దామని..." ఆయన ఆగాడు. "ఇంకొకటి. ఆవిడ చేతికి ఎర్రటి తొడుగు ఉంది. ఒక్క చేతికే. మరీ చిన్నది. రెండు వేళ్ళకి తగిలించుకుని పట్టుకుంది."

నేను లేచాను. బట్టల పెట్టె తెరిచి రెండో తొడుగు జేబులో వేసుకున్నాను. లాంతరు పట్టుకున్నాను.   ఇన్నేళ్ళు రోజూ వెళ్ళాను, నాకు కనబడలేదు. దారిన పోయేవాడికి కనబడింది.

"మీరు ఈ గదిలోంచి కదలకండి," అన్నాను. "ఏం వినబడినా సరే."

బయట గాలి లేదు. సముద్రం కూడా చప్పుడు చెయ్యడం లేదు. గడ్డి మీద పేరుకున్న మంచు కాళ్ళ కింద చిట్లుతోంది. గేటు దగ్గరికి వెళ్ళేకొద్దీ వాసన వచ్చింది. తడి ఉన్ని వాసన. అప్పుడే తవ్విన మట్టి వాసన.

గేటు కొంచెం తెరిచి ఉంది.

లాంతరు ఎత్తాను. గేటు ఊచల వెనక ఏదో తెల్లగా... జుట్టు. దాని కింద ముఖం ఉండాల్సిన చోట చీకటి.

"ఊనా?"

"నాన్నా." అదే గొంతు. నా బల్ల కింద కూర్చుని అక్షరాలు వల్లించిన గొంతు. "నా వంతు అయిపోయిందా?"

లాంతరు కిందికి దించేశాను.

"చేతులు చల్లగా ఉన్నాయి నాన్నా. రెండోది తెచ్చావా?"

ఊచల్లోంచి ఒక చెయ్యి వచ్చింది. ముడతలు పడి, ఎముకలు తేలి, గోళ్ళ నిండా మట్టి. నేను తొడుగు తీసి తొడగబోయాను. పట్టలేదు. మా అమ్మ కూడా చనిపోయేనాటికి ఇంత ముసలిది కాలేదు. వేళ్ళ చివర్లకి తగిలించాను. చలి నా మోచెయ్యి దాకా పాకింది.

"నేను నిలబడతాను తల్లీ," అన్నాను. "నువ్వెళ్ళి పడుకో. నేను లోపలికి వస్తాను."

"బతికున్నవాళ్ళకి కుదరదు నాన్నా." చాలా ఓపిగ్గా చెప్పింది, నేనే పిల్లాణ్ణయినట్టు. "ఆయన వస్తానన్నాడు. లోపలికి వస్తే చాలు... తర్వాత నేను చూసుకుంటాను."

వెనక మంచు చిట్లింది.

"మాస్టారూ! ఇంత చలిలో ఎందుకండీ..." ఇన్నెస్ గారు. చేతిలో నా దుప్పటి. నాకు కప్పుదామని తెస్తున్నాడు. "అరే, ఇక్కడెవరూ లేరే. గేటు మాత్రం తెరిచి ఉంది. ఆవిడ లోపలికి వెళ్ళిందేమో, పడిపోతుంది పాపం..."

గేటు ఇంకాస్త తెరుచుకుంది. చప్పుడు లేకుండా.

ఆయన నన్ను దాటి ముందుకి వెళ్ళాడు. ఒక అడుగు. నేను మాట్లాడలేదు. ఇంకో అడుగు... నేను మాట్లాడలేదు. నా కూతురు నా వైపు చూస్తోంది. కళ్ళు కనబడడం లేదు, కానీ చూస్తోందని తెలుస్తోంది. ఇంకొక్క అడుగు. ఎవరో కన్న బిడ్డ. దుప్పటి పట్టుకుని వెళ్తున్నాడు...

"ఆగు!" అని అరిచాను. "లోపలికి వెళ్ళకు!"

కోటు పట్టుకుని వెనక్కి లాగాను. ఇద్దరం మంచు మీద పడ్డాం. లాంతరు పగిలి ఆరిపోయింది.

చీకట్లో నా చెవి పక్కనే... చాలా దగ్గరగా...

"నువ్వే ఆపావు నాన్నా."

అంతే. ఇంకేం వినబడలేదు. గోడ వైపు నుంచి టక్... టక్... అని తప్ప.

ఆ రాత్రి నేను నిద్రపోలేదు. గేటు దగ్గర చూసిన ముసలావిడ మంచులో తన కళ్ళూ చెవులూ చేసిన మోసమేనని తేల్చుకుని ఇన్నెస్ గారు హాయిగా పడుకున్నాడు. ఒంటరితనం మనిషిని ఏం చేస్తుందో అని జాలిపడ్డాడు నా మీద. ఇంకా తెల్లవారకముందే, మధ్యాహ్నానికి ఊరు చేరాలని, తన లాంతరు వెలిగించుకుని బయలుదేరాడు. గుమ్మంలో నిలబడి చేతులు పట్టుకున్నాడు.

"మాస్టారూ, కాపలా నమ్మకం ఈ పారిష్‌లో ఇప్పుడు అంతరించింది అని రాస్తాను. మీకేం అభ్యంతరం లేదుగా?"

"రాసుకోండి," అన్నాను. "దారిలో ఎవరు పిలిచినా పలకకండి."

నవ్వాడు. కొండ మీద ఆ వెలుగు చిన్నదై, మలుపు దగ్గర కనబడకుండా పోయింది.

పొద్దెక్కాక తలుపు తీశాను. మంచు మీద ఆయన బూట్ల గుర్తులు గుమ్మం నుంచి కొండ వైపు వెళ్ళాయి. వాటి పక్కనే, అడుగుకి అడుగు, ఉత్త పాదాల గుర్తులు. సమాధుల తోట గేటు బార్లా తెరిచి ఉంది. గుర్తులు అక్కడి నుంచే వచ్చి నా గుమ్మం దగ్గర ఆగాయి, చాలాసేపు నిలబడినట్టు అక్కడ మంచు అణిగి గడ్డకట్టి ఉంది. తర్వాత ఆయనతో పాటు వెళ్ళిపోయాయి.

మోకాళ్ళు పట్టేసినా మలుపు దాకా ఎక్కాను. అరిచాను. అవతల లోయలో నా గొంతే తిరిగి వినిపించింది. రెండు వరసల అడుగులూ కిందికి దిగిపోయాయి, ఆయన పారిష్ వైపు.

అక్కడే కూలబడి ఏడ్చాను. ఆయనకేమైనా అయితే ఆయన పారిష్‌లోనే, ఆయన చర్చి పక్కనే పాతిపెడతారు. మా గేటులోకి తీసుకురారు. ఆ ప్రాణం పోయినా నా బిడ్డ వంతు తీరదు. ఆ సంగతి ఊనాకి తెలియదు. జుట్టు తెల్లబడితే మాత్రం, దానికి ఐదేళ్ళు.

దిగి వచ్చేసరికి మళ్ళీ చీకటి పడుతోంది. మంచు కురవడం మొదలైంది. గేటైనా మూద్దామని వెళ్ళాను. ఊచ మీద చెయ్యి వేశాను.

టక్... టక్...

గులకరాళ్ళ చప్పుడు కాదది. గోడ లోపలి వైపు నుంచి, రాయి రాయినీ తడుముకుంటూ వస్తోంది. మెల్లగా. చాలా మెల్లగా. గోడ మలుపు తిరిగింది. చర్చి వైపు వచ్చింది. ఇంకా దగ్గరికి వచ్చింది. గోడ అయిపోయిన చోట, గేటు ఇనుము మీద కర్ర ఒక్కసారి టంగుమంది. ఆగింది.

ఇన్నేళ్ళకి దారి దొరికిన మనిషి ఊపిరి పీల్చుకున్నట్టు ఒక నిట్టూర్పు.

"లాక్లన్, నువ్వేనా?" అంది ముసలి మార్సలి. "వచ్చేశానురా. పిల్ల ఏది?"